మళ్ళీ చెప్పండి

జహ్రాలో మిద్దె మీద, నీళ్ళ ట్యాంకుల పక్కన నా గది.
పదకొండు దాటినాక కింద లైట్లు ఆరతాయి.
అప్పుడు ఫోన్లో మైకు బొమ్మ మీద వేలు పెడతా.
ఒక్కోసారి వేలు పెట్టినట్టే దానికి తెలీదు.
క్లోరాక్సు తిన్న వేళ్ళు ఇవి.
సెలవుకు పోయి తిరిగొచ్చిన రోజు
ఎయిర్‌పోర్టులో ముద్రల మిషను గూడా
మూడు తూర్లు తుడుచుకోమనింది.

మాటలే రికార్డు చేసి పంపరాదా, అంటాది
వంటింటి కుసుమావతి, తన సింహళం కలిపిన అరబ్బీలో.
పంపొచ్చు.
నా ఓబులేసుకు పుట్టుచెవుడు.
రాయచోటిలో అంగళ్ళకు బోర్డులు రాస్తాడు.
బజారులో సగం పేర్లు వాని చేతి మీదుగా పోయినవే,
ఒక్క పేరూ వాడు వినింది లేదు.

నేను రెండో తరగతి దాకా చదివిన దాన్ని.
టైపు కొట్టబోతే "ళ" యాడుందో వెతికేలోపల
చెప్పాలనుకున్న మాట చల్లారిపోయేది.
ఒత్తులు దొరికేవి కావు.
"అమ్మ" అని రాయబోతే "అమ" అయి కూచునేది,
కాలిరిగిన మేక మాదిరి.

ఇప్పుడు నేను పలుకుతా, అది రాస్తాది.
బియ్యంలో వడ్లు ఏరినట్టు
ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోని చూసి, పంపుతా.

అయితే దానికి మా పక్క మాటలు రావు.
"సంగటి తిన్యావా" అంటే
"సంగతి తిన్నావా" అని రాసింది.
"ఊరిబిండి ఏసుకో" అంటే
"ఊరి బండి వేసుకో."
వాడు జవాబు పెట్టినాడు:
తిన్నా మా. సంగతి చప్పగుండాది.
ఊరి బండి గొంతుకు అడ్డం పడింది.
ఆ రాత్రి దిండు నోట్లో కుక్కోని నవ్వినా.

నేను అననివి గూడా రాస్తాది.
ఒగనాడు అప్పు సంగతి చెప్తాంటే
మెట్ల కింద నుంచి మామా కేకేసింది, యల్లా!
అది "ఎలా" అని రాసుకునింది.
చూసుకోకుండా పంపేసి ఉరికినా.
అయిదు దిష్దాషాలు ఇస్త్రీ చేసి పైకొచ్చేసరికి
తెర నిండా కొడుకు:

ఎలా అంటే, మా,
పొద్దున నిచ్చెన మీద నిలబడి అక్షరాలు గీస్తాంటే బాగుంటాది.
సాయంత్రం డబ్బులు అడిగితే
అంగడోళ్ళు మొగం పక్కకు తిప్పుకోని మాట్లాడతారు,
పెదాలు కనపడకుండా.
అప్పుడు బాగుండదు.

పద్నాలుగేళ్ళలో నేను వాన్ని ఆ మాట అడిగింది లేదు.
తిన్యావా, డబ్బులు అందినాయా.
అంతే.
అడిగింది నేను కాదని ఇంకా చెప్పలే.

ఇది కామాలు పెట్టదు. నిట్టూర్పు పెట్టదు.
దగ్గితే ఆగి చూస్తాది.
ఏదన్నా అందకపోతే మాత్రం మర్యాదగా
"వినపడలేదు. మళ్ళీ చెప్పండి" అంటాది.
చెప్పండంట!
కువైటుకొచ్చినాక నన్ను అండీ అనింది అదొక్కటే.
రాకముందు ఎవరన్నా అన్యారా అంటే,
గుర్తు లేదు.

మొన్న ఓబులేసు అడిగినాడు:
మా, నువ్వు నవ్వితే అది ఏమి రాస్తాది?

ట్యాంకు మోటరు ఆగిందాకా కాచుకోని
నెత్తిన తువ్వాల కప్పుకోని, మైకు దగ్గర పెట్టుకోని
నవ్వినా.
ఊరికే నవ్వడం ఎంత కష్టమో.
మొదట సగం నవ్వు, సగం ఎక్కిళ్ళు.
ఆనక గొంతుకు అడ్డం పడిన ఆ బండి గుర్తొచ్చి
నిజంగానే వచ్చేసింది, పక్క మిద్దె కుక్క మొరిగేటట్టు.
తెర తెల్లగానే ఉండాది.
వినపడలేదు. మళ్ళీ చెప్పండి.

కండ్లు తుడుచుకోని అదే వానికి చెప్పినా:
"నవ్వితే దీనికి వినపడలేదంటరా."
దాన్ని మాత్రం ఒక్క తప్పు లేకుండా రాసింది.

టిక్కులు రెండూ నీలం అయినాయి.
కొంచేపటికి,

నాగ్గూడా మా.